ఆవిరికి ఉన్న వాటా

కృష్ణా జలాల పంపకంపై బచావత్ ట్రైబ్యునల్ 1973లో నివేదిక ఇచ్చింది, 1976లో తుది తీర్పు వెలువరించింది. నాటి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు దక్కాయి. ఆ లెక్కల్లో కర్నూలు–కడప కాలువకు 39.9 టీఎంసీలు ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు పేరుకు ఎదురుగా 33 టీఎంసీలు ఉన్నాయి. ఆ 33 ఏ పొలానికీ కావు, ఏ ఊరి దాహానికీ కావు. ఎండకు జలాశయం మీది నుంచి ఆవిరైపోయే నీటి కింద రాసినవి. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. పోయేదాన్ని ముందే లెక్కలో పెట్టడం నిజాయితీ గల పనే. అయితే ఆకాశంలో కలిసిపోయే నీటికి కూడా ఒక పద్దు రాసినప్పుడు, ఆ నీటి మీద వల వేసుకుని బతికే మనిషికి పద్దు ఎందుకు లేకపోయింది? అప్పటి న్యాయమూర్తుల మనసును శంకించడానికి ఈ ప్రశ్న అడగడం లేదు. నీటి విషయంలో న్యాయం అనే మాటను మనమందరం ఎలా అర్థం చేసుకుంటున్నామో చూసుకోవడానికి అడుగుతున్నాం.

ఈ ప్రశ్నకు చప్పున తట్టే జవాబు ఒకటుంది. చేపలు పట్టేవాడు నీటిని ఖర్చు చేయడు. రైతు వాడితే నీరు తరుగుతుంది, పట్టణం తాగితే తరుగుతుంది. బెస్తవాడు తన పుట్టి వేసుకుని తిరిగినంత మాత్రాన ఒక్క బిందెడు కూడా తరగదు. తరుగు లేని చోట వాటా ప్రసక్తి ఎందుకు? వినడానికి ఇది సబబుగానే ఉంది. కానీ కాస్త ఆలోచిస్తే, అతనికి కావలసింది అందరికీ కావలసిన దానికి సరిగ్గా ఎదురుగా ఉందని తెలుస్తుంది. రైతుకు నీరు కాలువలోకి పారాలి. జలవిద్యుత్తుకు నీరు కిందికి దూకాలి. పట్టణానికి నీరు గొట్టంలోకి ఎక్కాలి. చేపలు పట్టేవాడికి మాత్రం నీరు ఉన్నచోట ఉండాలి. నీళ్లు పోతేనే అందరికీ లాభం, నిలిస్తేనే అతనికి బతుకు. ఖర్చు చేయని వాడికి వాటా అక్కర్లేదనే వాదన ఇక్కడే తడబడుతుంది. ఒక మనిషికి కావలసింది కొంత నీరు మిగలడమే అయినప్పుడు, ఆ మిగులును పద్దులో రాయకపోతే అతనికి ఏమీ రాయనట్టే.

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు తూముల నుంచి రాయలసీమకు నీళ్లు సరిగా అందాలంటే 854 అడుగులైనా ఉంచాలని సీమవాసుల కోరిక. 834 అడుగుల దాకా వాడుకోవచ్చనే లెక్క ఇంకొకటి ఉంది. ఈ రెండు అంకెల మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాయి. ఆ వాదనలో వినిపించేవి పొలం, తాగునీరు, కరెంటు. ఏ మట్టం దగ్గర చేపపిల్ల బతుకుతుంది, ఏ మట్టం దగ్గర గుడ్లు పెట్టే చేపకు చోటు మిగులుతుంది అని అడిగేవారు కనబడరు. నీరు తగ్గినకొద్దీ ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది, దాన్ని వెంబడిస్తూ గుడిసెలు కదులుతాయి. మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడిందని ఏటా పత్రికల్లో చదువుతాం, సంతోషిస్తాం. ఆ రోజుల్లోనే చేపలు మడుగుల్లో కిక్కిరిసి చేరతాయి. కొన్నాళ్లు వల బరువుగానే లేస్తుంది. మరుసటి ఏటి లేమి ఆ బరువులోనే ఉంది, ఎందుకంటే వరద వచ్చినప్పుడు గుడ్లు పెట్టాల్సిన పెద్ద చేప ఆ మడుగులోనే పట్టుబడిపోతుంది. పట్టేవాడికి ఇది తెలియదా? అందరికన్నా బాగా తెలుసు. తెలిసినా ఆ పూట వల తీయక తప్పని స్థితి ఎలా వచ్చిందన్నదే మనం తరచి చూడాల్సిన విషయం.

ఈ పట్టించుకోకపోవడం కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. ధర్మపరుడైన రాజు ఉండాలి, జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి నేల, తీయని నీళ్ల నది, రాళ్ల గని, కట్ట కట్టే పనిలో ఆరితేరిన జనం ఉండాలి. ఆరున్నర శతాబ్దాల కిందట నీటి గురించి ఇంత వివరంగా ఆలోచించారంటే గర్వించాల్సిందే. నేనూ గర్విస్తాను. అయినా ఆ పన్నెండింటిలో చెరువు నిండాక అందులో బతికే మనిషి లేడు. కట్టేవారు ఉన్నారు, కట్టించేవారు ఉన్నారు, కింద పండే పొలం ఉంది. చెరువు అంటే పొలానికి తల్లి అన్న భావన మనలో అంతగా నాటుకుపోయింది. కరువు సీమలో అది సహజమే. 1876 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎంత జనాన్ని పోగొట్టుకున్నాయో తెలిసినవారు గింజకు మొదటి చోటు ఇచ్చిన పెద్దలను నిందించరు. మొదటి చోటు గింజకు ఇవ్వడం వేరు, రెండో చోటే లేకపోవడం వేరు.

ఎవరు వీళ్లు? రాయలసీమలో లోతట్టు నీళ్ల మీద చేపలు పట్టడం తరాలుగా ఎక్కువగా బెస్తల పని. వందేళ్ల కిందటి వర్ణనల్లో వీరు పల్లకీలు మోసేవారుగానూ కనిపిస్తారు. చెరువు నిండని ఏడు వల మూలన పడేది, భుజం మీద బొంగు ఎక్కేది. ఇప్పుడు పల్లకీలు లేవు. వాటి చోట బేల్దారి పని, బెంగళూరు వలస వచ్చాయి. తుంగభద్ర మీద సుంకేసుల, హంద్రీ మీద గాజులదిన్నె, తెలుగుగంగ మీద వెలుగోడు, బ్రహ్మంసాగర్, పెన్న మీద గండికోట, మైలవరం, ఇంకా అవుకు, సోమశిల వెనుక జలాలు, ఇలా గత యాభై ఏళ్లలో ఈ ఎండిన నేల మీద పెద్ద పెద్ద నీటి పరుపులు వచ్చాయి. వెలుగోడుది సుమారు 17 టీఎంసీలు, గండికోటది 26.85. ఈ నీళ్లన్నీ ఎవరో ఒకరి ఊరి మీదే నిలిచాయి. శ్రీశైలం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలు పోయాయి. 1981లో ఇళ్లు కూల్చి మరీ జనాన్ని ఖాళీ చేయించారు. నిర్వాసితులకు ఉద్యోగాలిస్తామన్న 1986 నాటి జీవో 98 కోసం ఒక తరం ఎదురుచూపుల్లోనే ముసలిదైంది. ఈనాటికీ శ్రీశైలం వెనుక జలాల్లో వేసిన వల మునిగిన ఊళ్ల మొండిగోడలకో చెట్ల మోళ్లకో తగులుకుని చిరుగుతుంది. ఒకరి ఇంటి గోడ ఇంకొకరి వలను చింపుతుంది. నష్టం ఇద్దరిదీ, నీటి ఫలం మాత్రం ఎక్కడో ఉన్న మూడోవారిది.

ఆ నీటి అంచున బతుకు ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. సాయంత్రం పుట్టిలో వెళ్లి కట్టు వల వేసి వస్తారు. వెదురుతో అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా తొడిగిన గుండ్రటి పుట్టి అది. కొందరికి అదీ లేదు. థర్మోకోల్ ముక్కలు కట్టుకున్న తెప్ప మీదే కూర్చుని పోతారు. తెల్లవారక ముందే వల ఎత్తుతారు. చేప మొప్ప దగ్గర నైలాన్ దారం బిగుసుకుని ఉంటుంది. దాన్ని లాగితే వల తెగుతుంది, వదులు చేస్తే చేప జారుతుంది. బొటనవేలితో దారాన్ని మొప్ప కిందికి తోసి, చేపను వెనక్కి కాకుండా ముందుకు తీస్తారు. ఇది పుస్తకంలో లేని విద్య. ఒడ్డు మీద కాటా పెట్టుకుని ఒక మనిషి ఉంటాడు. వల కొనడానికి డబ్బు ఇచ్చింది అతనే. అందుకే చేప అతనికే పోయాలి, ధర అతనే చెప్పాలి. బొచ్చె, శీలావతి, కొర్రమేను ఐసు పెట్టెల్లోకి ఎక్కి పట్టణాలకు పోతాయి. ఆత్మకూరు వైపు ఒక పల్లెలో గంప దించుకుని కూర్చున్న ఒక పెద్దామెను పలకరించాను.

"ఏం చేపలవ్వా?"

"జిలేబీలు నాయనా. బొచ్చెలన్నీ బండికి పోయినాయి."

"మరి ఇంట్లోకి ఏం వండుతావు?"

"ఎవురూ కొననివి."

ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. అడిగినదానికి చెప్పింది, అంతే. చేప మంచి ఆహారమని, పిల్లల ఎదుగుదలకు అవసరమని మనం నమ్ముతాం. దాన్ని పట్టే ఇంట్లో మిగిలేది మాత్రం ఎవరూ కొననిది. ఒక బతుకు బాగుందా లేదా అని కొలవడానికి ఆదాయం ఒక్కటే చాలదని చాలామంది తాత్వికులు చెప్పారు. ఏం చేయగలడు, ఏమి కాదనగలడు అన్నది కూడా చూడాలి. ఒడ్డున కాటా పెట్టిన మనిషికి "ఈ ధరకు ఇవ్వను" అనగలిగే వీలు ఆ ఇంటికి ఉందా? లేదు. అలాంటి చోట వచ్చే ఆదాయం ఎంతైనా, అది స్వేచ్ఛగా సంపాదించినది అనలేం.

ఇక అసలు చిక్కు ప్రశ్నకు వద్దాం. నీటిలో చేప ఎవరిది? 17వ శతాబ్దపు ఆంగ్ల తాత్వికుడు జాన్ లాక్ ఆస్తి హక్కును వివరిస్తూ సముద్రంలో పట్టిన చేపను ఒక ఉదాహరణగా చూపాడు. అందరిదైన దానిలో ఒకరు తన శ్రమ కలిపినప్పుడు అది అతనిదవుతుందని, ఇతరులకు తగినంత, అంతే మంచిది మిగలాలని ఒక షరతు పెట్టాడు. ఈ వాదన మన జలాశయాలకు సరిపోతుందా? ఒక అభ్యంతరం వస్తుంది. ఇక్కడి చేప అడవిలో పండులా దానంతట అది పుట్టినది కాదు. బొచ్చె, శీలావతి, మోసు పారే వరద నీటిలోనే గుడ్లు పెడతాయి, చెరువుల్లో పెట్టవు. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్‌లో ఇంజక్షన్‌తో గుడ్లు పెట్టించే పద్ధతిని సాధించాకే దేశమంతటా చేపపిల్లల పెంపకం సాధ్యమైంది. మన జలాశయాల్లో వదిలే పిల్లల్లో చాలా భాగం అలా పుట్టినవే, వదిలేది ప్రభుత్వ డబ్బుతోనే. కాబట్టి చేప ప్రభుత్వానిది, వేలం వేసుకునే హక్కు దానిదే అనే వాదన ఉంది.

దీన్ని మనం ఇంకోచోట పెట్టి పరీక్షిద్దాం. కర్నూలు–కడప (కేసీ) కాలువ 1863లో మొదలై, తవ్వుకుంటూ వచ్చి, తవ్విన కంపెనీ నష్టపోయాక 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆనాటి నుంచి ప్రజల డబ్బుతోనే నిలబడింది. ఆ కాలువ నీటితో పండిన వరిని చూసి "నీళ్లు ప్రభుత్వానివి, కాబట్టి గింజ ప్రభుత్వానిది, వేలం వేద్దాం" అని ఎవరైనా అంటారా? అనరు, అనకూడదు కూడా. రైతు నీటి తీరువా కడతాడు, గింజ అతనిది. మరి ప్రజల డబ్బుతో నిలిచిన నీటిలో, ప్రజల డబ్బుతో వదిలిన పిల్ల చేపయ్యాక, దాన్ని పట్టే చేతికి అదే నీతి ఎందుకు వర్తించదు? ఈ ప్రశ్నకు నాకు సరైన జవాబు ఎక్కడా దొరకలేదు. రైతు నేలకు పట్టా ఉంది, బెస్తవాడికి నీటి మీద పట్టా లేదు, ఉన్న తేడా అదొక్కటే. పట్టా లేకపోవడం అన్యాయానికి కారణం అవుతుంది గానీ సమర్థన కాదు.

2021లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 217 తెచ్చింది. 100 హెక్టార్లకు మించిన చెరువుల్లో చేపల హక్కును సంఘాలకు నామమాత్రపు రుసుముకు ఇవ్వడం మాని బహిరంగ వేలానికి పెట్టాలన్నది దాని సారాంశం. సంఘాల పేరుతో బయటి పెట్టుబడిదారులే లాభం తింటున్నారు, అందుకే వేలం అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. సంఘం పేరు ముందు, డబ్బున్నవాడి చెయ్యి వెనుక అన్న తంతు చాలా చెరువుల దగ్గర తెలిసిందే. కానీ బినామీ చాటుగా వస్తున్నాడని చెప్పి అతనికి తలుపు బార్లా తీయడం ఏ న్యాయం? వేలంలో గెలిచేది ఎక్కువ డబ్బు, ఎక్కువ అవసరం కాదు. మత్స్యకారులు గట్టిగా వ్యతిరేకించారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. రద్దు మంచిదే. అయితే ఒక జీవోతో పోయి, ఇంకో జీవోతో వచ్చేది హక్కు అనిపించుకోదు. 1985లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవారికి సంబంధించిన ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ మాటను బొంబాయి పేవ్‌మెంటు దగ్గరే ఆపేయకుండా వెలుగోడు కట్ట దాకా తీసుకురావాలి.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవాల్సిన చోటు ఒకటుంది. బెస్తలకు నీటి మీద హక్కు అంటున్నప్పుడు, పుట్టుకతో వచ్చే హక్కును సమర్థిస్తున్నామా? పుట్టుక మనిషి పనిని నిర్ణయించకూడదని నమ్మేవారికి ఈ ప్రశ్న ఇబ్బందికరమైనదే. వడ్రంగి కొడుకు వడ్రంగే కావాలనడం ఎంత తప్పో, చెరువు బెస్తవాడిదే అనడం అంతే తప్పు కాదా? రెండూ ఒకటి కాదని నేననుకుంటాను. మొదటిది మనిషిని పనికి కట్టేస్తుంది, రెండోది పని చేసే మనిషికి నిలబడే చోటు ఇస్తుంది. నేల పంచుకున్న కాలంలో వీరికి నేల రాలేదు, చదువు పంచుకున్న కాలంలో చదువు రాలేదు. మిగిలిన నీళ్లనూ ఇప్పుడు "అందరికీ సమానం" పేరుతో వేలం వేస్తే, ఆ సమానత్వం వీరికి ఏమీ మిగల్చదు. అయినా హక్కుకు ఆధారం రక్తం కాకూడదు. నీటి మీద ఆధారపడి ఉండటం, ఆ నీటిని ఎరిగి ఉండటం, దాని మేలు కోసం కట్టుబడటం ఆధారం కావాలి. అలా చూస్తే సంఘాల్లో ఎక్కువగా మగవాళ్ల పేర్లే ఉండటం కూడా ప్రశ్నించాల్సిందే. చేప ఎండబెట్టేది, గంప మోసేది, బాకీ వసూలు చేసేది ఆడవాళ్లు. వల పట్టిన చెయ్యి ఒక్కదాన్నే శ్రమగా లెక్కిస్తే సగం శ్రమ పద్దులోకి రాలేదన్నమాట. ఆ ఇంటి పిల్ల నర్సు కావాలనుకుంటే, వల ఆమెను పట్టి ఆపకూడదు. వలనే నమ్ముకుంటానన్న ఆమె తమ్ముణ్ణి పేదరికం తరిమేయకూడదు. ఈ రెండూ కలిసి సాధ్యమైతేనే దాన్ని మంచి బతుకు అనగలం.

శ్రీశైలం వెనుక జలాల్లో స్థానికులే కాదు, విశాఖపట్నం వైపు నుంచి వలస వచ్చినవారూ ఉన్నారు. సముద్రం చాలక ఇంత దూరం వచ్చి, పట్టాలు కప్పిన గుడిసెల్లో, బడి లేని చోట, నది నీళ్లే తాగుతూ ఉంటారు. వారిలో కొందరు వేసే అలివి వలల మీద ఏటా గొడవ. దోమతెర లాంటి సన్నని కన్ను ఉన్న ఆ వల అంగుళం పిల్లను కూడా వదలదు. ప్రభుత్వం నిషేధించింది, అయినా ఆగలేదు. ఎండిన చిన్నచేపకు అంగడి ఉంది, పెట్టుబడి పెట్టే దళారి ఉన్నాడు. పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడి తప్పును మనం ఎలా తూచాలి? ఆకలి ఉంది కాబట్టి తప్పే కాదనడం వారిని అవమానించడమే, ఎందుకంటే అప్పుడు వారికి అంతరాత్మ లేదని అన్నట్టు. నేరం పూర్తిగా వారిదే అనడం దళారిని వదిలేయడం. లాక్ పెట్టిన షరతు ఇక్కడ గట్టిగా పనికొస్తుంది. ఇతరులకు, రేపటికి మిగల్చని పట్టు హక్కు కిందికి రాదు, అది పేదవాడి చేతిలో ఉన్నా సరే. హక్కు అడిగే చోట వల కన్ను సైజు కూడా మాట్లాడుకోవాలి.

అది సాధ్యమా? ఉమ్మడి వనరు ఏదైనా చివరికి నాశనమే అవుతుందని 1968లో అమెరికా పర్యావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ వాదించాడు. ఎలినార్ ఆస్ట్రోమ్ ఆ వాదనను జనం మధ్యకు తీసుకెళ్లి పరీక్షించింది, ఆ కృషికి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకుంది. ఆమె చూపిన వాటిలో టర్కీలోని అలాన్యా ఒకటి. అక్కడి జాలరులు వేట చోట్లన్నిటికీ పేర్లు పెట్టి, ఏటా సెప్టెంబరులో చీట్లు వేసుకుంటారు. మొదటి రోజు ఎవరికి ఏ చోటు వస్తే అక్కడ వల వేస్తారు. మరుసటి రోజు నుంచి జనవరి దాకా రోజుకో చోటు తూర్పుకు జరుగుతారు, ఆ తర్వాత పడమరకు. మంచి చోటు అందరికీ వస్తుంది, చెడ్డ చోటు కూడా అందరికీ వస్తుంది. కాపలా కాయడానికి పోలీసు అక్కర్లేదు, తన వంతు చోటు పోతుందేమోనని ప్రతివాడూ కాపలాయే. మన దగ్గర ఇలాంటిది రాకపోవడానికి మనుషుల స్వభావం కారణం కాదు. నీరు రెండు రాష్ట్రాల నడుమ ఉంది, పట్టేవాళ్లు మూడు ప్రాంతాల వాళ్లు, కూర్చోబెట్టి మాట్లాడించే పెద్ద ఎవరూ లేరు. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటాన్ని పోరుమామిళ్ల శాసనం చెరువు దోషాల్లో ఒకటిగా ఎంచింది. 1369లో చెప్పిన ఆ మాట ఇప్పుడు శ్రీశైలానికి అతికినట్టు సరిపోతుంది.

ఈ బతుకునే ప్రశ్నించే ఆలోచన ఇంకొకటి ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ప్రాణం తీసి బతకడం మంచి బతుకేనా? కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనంలో జంతువులను చంపవద్దంటాడు. తన వంటశాలలో ఒకప్పుడు లెక్కలేనన్ని ప్రాణులు చచ్చేవని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేనని, అవి కూడా ఇక ఉండవని చెబుతాడు. ఉత్తరాదిలోని ఒక స్తంభ శాసనంలో కొన్ని పున్నములు, పర్వదినాల్లో చేపలు పట్టకూడదు, అమ్మకూడదు అని ఆజ్ఞ ఇచ్చాడు. అంత కరుణ గల రాజును చూస్తే గౌరవం కలుగుతుంది. ఆ శాసనంలో ఏయే ప్రాణిని ఎప్పుడు వదలాలో వివరంగా ఉంది. ఆ రోజుల్లో జాలరి ఇంట్లో పొయ్యి మీద ఏముంటుందన్న మాట మాత్రం లేదు. చేప మీద కరుణ, చేప పట్టేవాడి మీద ఆజ్ఞ. వేటకు విరామం ప్రకటించి, విరామంలో కూటి సంగతి మరచిపోవడం మనకు అంత పాతది.

భారతంలో ధర్మవ్యాధుడి కథ ఈ ప్రశ్నకు ఇంకో వైపు నుంచి వెలుగునిస్తుంది. మాంసం అమ్మే అతని దగ్గరికి కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి వెళ్తాడు. నాగలి దున్నినప్పుడు నేలలోని ఎన్నో ప్రాణులు చస్తాయి, హింస లేని బతుకు ఎక్కడుందని వ్యాధుడు అడుగుతాడు. ఆ కథను పుణ్యకథగా నమ్మినా నమ్మకపోయినా ఆ ప్రశ్న నిలుస్తుంది. హింస ఎక్కడా లేదని కాదు, కొందరి హింస కంటికి కనబడుతుంది, మిగతావారిది కనబడదు. కనబడేదాన్ని చేసేవాళ్లను తక్కువగా చూసి, దాని ఫలం తినేవాళ్లను చూడకపోవడం మన సమాజం చాలాకాలంగా చేస్తున్న పని. అలాగని చేప బాధ అబద్ధం కాదు. కావలసినంతే పట్టడం, పిల్లను వదిలేయడం, గుడ్లతో ఉన్నదాన్ని ఆ రోజుల్లో ముట్టకపోవడం అనే కట్టుబాట్లలో ప్రాణం మీద గౌరవం ఉంది. మొదటిసారి వల వేసే ముందు గంగమ్మకు మొక్కే మనిషి, ఏ దేవతనూ నమ్మని మనిషి, ఇద్దరూ ఆ కట్టుబాటు దగ్గర కలుసుకోగలరు. గంగమ్మ వింటుందా లేదా అన్నది ఎవరి నమ్మకం వారిది. నీరు మనదొక్కరిదే కాదని ఆ మొక్కు గుర్తు చేస్తున్నంతవరకు దానితో ఎవరికీ పేచీ ఉండాల్సిన పని లేదు.

మరి ఏం చేయాలి? నీటి పంపకాల లెక్కలు మళ్లీ రాస్తున్న ఈ రోజుల్లో, ప్రతి జలాశయంలో చేప బతకడానికి ఇంత మట్టం మిగలాలి అన్న ఒక్క వాక్యం ఎక్కించమని అడగాలి. ఆవిరికి 33 టీఎంసీలు రాయగలిగిన చేతికి ఇది పెద్ద పని కాదు. వేట హక్కు జీవోల దయ మీద కాకుండా చట్టంలో ఉండాలి, అందులో ఆడవాళ్ల పేరు కూడా ఉండాలి. వల కొనడానికి సంఘం అప్పు ఇవ్వగలిగితే ఒడ్డు మీది కాటాకు పోటీ వస్తుంది. వీటిలో కొన్నిటికి కాలం పడుతుందని ఒప్పుకుంటాను.

కాలం పట్టనిది ఒకటుంది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు రాష్ట్రం అర్హులైన మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతి పదివేల నుంచి 2025లో ఇరవై వేలకు పెరిగింది. అది పూర్తిగా న్యాయమైనది. జలాశయాల్లో జూలై, ఆగస్టు నెలల్లో చేప గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు. అదీ న్యాయమైనదే. కానీ కర్నూలు, నంద్యాల, కడప, అన్నమయ్య జిల్లాల్లో ఆ రెండు నెలలు వల మడిచి కూర్చునే కుటుంబానికి ఆ భృతి లేదు. రేపటి చేప కోసం ఈ రోజు పస్తులుండమని మనం వారిని అడుగుతున్నాం. వచ్చే జూలై లోపు వారికి కూడా ఆ ఇరవై వేలు ఇవ్వాలి.